బాబాయి ఎంచిన రైఫిల్

మా అన్నయ్య పోయేక ఆయన పేరు మీదున్న రైఫిల్ లైసెన్సు తీసుకోవడానికి ఎవరూ ముందుకి రాలేదు. ఎలక్షన్లప్పుడు డిపాజిట్ చేసింది చేసినట్టు రాజోలు పోలీసు స్టేషన్లోనే ఉండిపోయింది. అన్నయ్య కొడుకు వాసు మస్కట్ నుంచి సెలవు మీద వచ్చినప్పుడు, "అత్తా, మాకొద్దని రాసిచ్చేద్దాం, మీరూ సంతకం పెట్టాలంట," అంటే ఇద్దరం ఆటో ఎక్కి వెళ్ళేం. స్టేషన్లో హెడ్ కానిస్టేబులు మా పక్క ఊరివాడే. లోపల్నించి రైఫిల్ తెచ్చి బల్ల మీద పెట్టి, నన్ను గుర్తుపట్టి నవ్వేడు. "ఇది మీ సత్యం బాబాయిగారు తుడుస్తుంటే పేలిన తుపాకీయే కదండీ? మా నాన్నగారు చెప్పేవారండి. మిలటరీలో చేసొచ్చినాయనకి తుపాకీ తుడుచుకోడం రాలేదని." అతని మాటలో ఎకసెక్కం ఏమీ లేదు. ఊళ్ళో అందరికీ తెలిసిన పాత ముచ్చట గుర్తు చేసేననుకున్నాడు. వాసు కూడా నవ్వేడు, వాడూ అదే విని పెరిగేడు. నేను "ఆయ్" అని సంతకం పెట్టి వచ్చేసేను. ఆ "ఆయ్" ఇంటికొచ్చేక కూడా నన్ను వదల్లేదు. బాబాయి లేరు, నాన్నగారు లేరు, అమ్మ లేదు, అన్నయ్యా పోయేడు. మా ఇంట్లో నిజం తెలిసినవాళ్ళలో నేనొక్కదాన్నే మిగిలేను. అబద్ధం మాత్రం మూడో తరంలో కూడా నిక్షేపంగా ఉంది.

మా ఇల్లు రాజోలుకి దగ్గర్లోనే, కాలవ గట్టు మీద. నాన్నగారిది కొబ్బరి వ్యాపారం. కాయ దింపించడం, వలిపించడం, కురిడీ చేయించడం, లారీకెక్కించడం, ఏడాది పొడుగునా ఇదే సందడి. పెరట్లో పాక అటక మీద కురిడీ కాయలు ఎండుతూ ఉండేవి. కింద కొబ్బరి డొక్కల పొగ పెడితే ఆ పొగ మా గౌన్లకీ, పుస్తకాలకీ, తలకీ పట్టేసేది. బళ్ళో నా పక్కన కూచునే పిల్ల నన్ను కళ్ళు మూసుకుని గుర్తుపట్టేది. ఇంట్లో పెత్తనం నానమ్మది. ఆవిడ ఎవరి కంచంలో ఏం పడిందో చూడకుండా తను ముద్ద ముట్టేది కాదు. ఎడం చెయ్యి కంచం అంచుకి తగిలినా సరే, "ఆ చెయ్యి తియ్యి," అని గదిమేది. వేట మాంసం వస్తే వంటింట్లోకి రానిచ్చేది కాదు. పశువుల పాక పక్కన మూడు రాళ్ళు పెట్టి అక్కడే వండించేది. తను తినదు, కానీ దూరంగా నిలబడి, "అల్లం ఇంకాస్త వెయ్యండి, అడివి వాసన పోవాలి," అని అజమాయిషీ చేసేది.

నాన్నగారికి ఉన్న సరదా అదొక్కటే, వేట. సిగరెట్టు లేదు, పేకాట లేదు. చలికాలంలో వ్యాపారం కాస్త మందగించినప్పుడు, భీమవరం వైపు నుంచి ఆయన స్నేహితుడు రాజుగారు కబురు పెట్టేవారు. ఇద్దరూ రాజమండ్రిలో లాంచీ ఎక్కి గోదావరి మీద ఎగువకి, కొండల్లోకి వెళ్ళేవారు. ఫారెస్టు ఆఫీసులో పర్మిట్టు తీసుకుంటే అప్పటికింకా వేట తప్పు కాదు. తాతగారి నాటి జంట గొట్టాల తుపాకీ ఒకటుండేది మాకు. ఒక ఏడు ఆ తుపాకీతో కొట్టిన దుప్పి పడకుండా పారిపోయింది. రోజల్లా వెతికినా దొరకలేదు. మర్నాడు వాగులో కనిపించిందట, ఇంకా ప్రాణంతోనే. ఆ తరవాత నాన్నగారు చాలా కాలం మాంసం ముట్టలేదు. "కొడితే ఒక్క దెబ్బకి పడిపోవాలి. అలా చావకూడదు," అనేవారు అన్నం ముందు కూచుని, ఎవరూ అడక్కుండానే. రైఫిల్ కొనాలన్న ఆలోచన అక్కణ్ణించి పుట్టింది. జాలి నుంచి పుట్టింది. ఇది ముందే రాసి పెట్టాలి, ఎందుకంటే తరవాత జరిగినదాన్ని బట్టి ఆయన్ని కఠినుడనుకునే ప్రమాదం ఉంది.

బాబాయి నాన్నగారికన్నా పదిహేనేళ్ళు చిన్న. తాతగారు తొందరగా పోవడంతో నాన్నగారే కొడుకులా పెంచి చదివించేరు. కాలేజీలో ఉండగా చెప్పకుండా వెళ్ళి పట్టాళంలో చేరిపోయి, కొన్నేళ్ళకి తిరిగొచ్చేరు. అక్కడ ఏం చూసేరో ఏం చేసేరో ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. గుమ్మానికి వీపు పెట్టి కూచునేవారు కాదు. దుప్పటి నలుపలకలుగా మడిచి అంచులు చేత్తో నొక్కేవారు. ఇంజను పాడైనా, నా సైకిలు చెయిను తెగినా, నానమ్మ కళ్ళజోడు కాడ ఊడినా ఆయన చేతిలో పెడితే చాలు. సన్నని పొడుగాటి వేళ్ళు, ఏ వస్తువునీ బలవంతం చేసేవి కావు. అమలాపురంలో ఒక బ్యాంకులో గార్డు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకున్నారు. మిలటరీలో చేసినవాళ్ళకి అలాంటివి ఇచ్చేవారప్పుడు. వచ్చేస్తుందనే అందరి నమ్మకం. వస్తే పెళ్ళి చేసెయ్యాలని నానమ్మ సంబంధాలు కూడా వాకబు చేస్తోంది.

కలెక్టరాఫీసు నుంచి రైఫిల్‌కి అనుమతి వచ్చేక నాన్నగారు బాబాయిని వెంటబెట్టుకుని రాజమండ్రి బయల్దేరేరు. తొమ్మిదో తరగతిలో నల్లబల్ల కనబడడం లేదని నేను గొడవ చేస్తుంటే, కళ్ళ డాక్టరుకి చూపిద్దామని నన్నూ తీసుకెళ్ళేరు. ఆ రకంగా నేను తుపాకుల దుకాణంలో అడుగు పెట్టేను. నూనె వాసన, ఇనప వాసన, అత్తరు వాసన కలిసిపోయి ఉన్న చీకటి గది అది. ముసలి సాయిబుగారు నాన్నగారిని కూచోబెట్టి, "కొత్త ఇంగ్లీషు సీమ సరుకు చూపించమంటారా, మిలటరీది చూపించమంటారా?" అన్నారు. "సీమ సరుకు మనవల్ల కాదులెండి," అన్నారు నాన్నగారు. మిలటరీ సరుకంటే ఏవిటో అక్కడే తెలిసింది నాకు. యుద్ధాలైపోయేక సైన్యాలు వదిలించుకున్న రైఫిళ్ళు కొన్ని గొట్టాలు మార్చి, ముందరి చెక్క కోసి తేలిక చేసి వేటగాళ్ళకి అమ్మేవారు. కొత్తదాని ధరలో పిసరంతకి వచ్చేసేవి.

బాబాయి లోపలికి రాలేదు. గుమ్మం దగ్గరే నిలబడి రోడ్డు చూస్తున్నారు.

"ఒరే సత్యం, రా లోపలికి. నువ్వు చూడాలి."

"మీకు నచ్చింది తీసుకోండన్నయ్యా. నేను ఆ పని వదిలేసి వచ్చేసేను."

"నీకు తెలిసిన పనిరా. నాకు తెలీదు. నేనేదో తీసుకుని, అదీ గురి తప్పి, మళ్ళీ ఆ వాగులో చూసినట్టు చూడమంటావా?"

బాబాయి గుమ్మం దాటేరు. వచ్చి బల్ల ముందు నిలబడ్డారు. సాయిబుగారు మొదట తీసింది తళతళలాడుతోంది. బాబాయి వెనక భాగం తెరిచి, బొటనవేలి గోరు అక్కడ ఆనించి, గొట్టం కొసలోంచి కన్నుపెట్టి చూసేరు. గోటి మీద పడ్డ వెలుతురు గొట్టం లోపలికి వెళుతుందట. "లోపల తుప్పు తినేసిందండి. పైన వార్నీషే," అని పక్కన పెట్టేసేరు. రెండోది బాగుంది, కానీ దాని తూటాలు మన దేశంలో చెయ్యరట. "ఉన్నవి అయిపోతే ఇది చేతికర్ర అన్నయ్యా." మూడోది నల్లగా, గీతలు పడి, చెక్క మీద ఎవరి పళ్ళో దిగినట్టు గుంటలతో ఉంది. దాన్ని అందుకోగానే బాబాయి చేతులు మారిపోయేయి. ఆయన ఆలోచించి చేస్తున్నట్టు లేదు. తెరవడం, చూడడం, మూయడం, భుజానికి ఆనించడం, దించడం, ఒక్క ఊపులో అయిపోయేయి. సైకిలు చెయిను తగిలించే మనిషి కాదు అక్కడున్నది. నేను ఒకడుగు వెనక్కి వేసేను. ఆయన నన్ను చూసేరు, రైఫిల్ని బల్ల మీద చాలా నెమ్మదిగా పెట్టేరు. "ఇదీ," అన్నారంతే.

సాయిబుగారు తూటాలు తీసేరు. బాబాయి ఒకటి వేళ్ళ మధ్య తిప్పి వెనక్కి పెట్టేసేరు. "ఇవి మిలటరీ తూటాలండి. వీటి ముక్కుకి గట్టి తొడుగుంటుంది. మనిషిలోంచి దూసుకెళ్ళి వెనకవాడికి కూడా తగులుతాయి. దుప్పికి ఇవి వద్దన్నయ్యా. మెత్తటి సీసం ముక్కువి తీసుకోండి, అవి లోపలే విచ్చుకుని ఆగిపోతాయి."

"అవి ప్రస్తుతం లేవండి," అన్నారు సాయిబుగారు. "కలకత్తా నుంచి తెప్పించాలి. ఖరీదూ ఎక్కువే. ఇవైతే చవక, కావలసినన్ని ఉన్నాయి."

"ఈలోగా ఇవి ఇవ్వండి, చెయ్యి అలవాటుకి పనికొస్తాయి. అవి వచ్చేక చూద్దాం," అన్నారు నాన్నగారు.

"అవి వచ్చేకే వేటకి వెళ్ళండన్నయ్యా."

"ఆయ్, అలాగేలే."

నా కళ్ళజోడు వచ్చిన వారంలోనే ఓడలరేవు దగ్గర ఇసక తిప్పల్లో రైఫిల్ పరీక్షించేరు. నేను పేచీ పెట్టి వెళ్ళేను. కొత్త జోడులోంచి సముద్రం గీత గీసినట్టు కనిపిస్తుంటే నా సంతోషం నాది. బాబాయి ఒక కొబ్బరి మొద్దు తెప్పించి ఇసక గుట్ట ముందు నిలబెట్టించేరు. నాన్నగారిని ముందు పాత తుపాకీతో కొట్టమన్నారు. మొద్దు మీద బెరడు లేచింది, సీసం గుండ్లు పైపైనే ఇరుక్కున్నాయి. తరవాత రైఫిల్‌తో కొట్టమన్నారు. చప్పుడు వేరేగా ఉంది, పొట్టి చప్పుడు. మొద్దు కదల్లేదు. నాన్నగారు తప్పిపోయిందనుకుని నవ్వేరు. "ఇటొచ్చి చూడండన్నయ్యా," అని బాబాయి ఆయన్ని మొద్దు వెనక్కి తీసుకెళ్ళేరు. వెనకవైపు చీలిపోయి పీచు బయటికొచ్చి ఉంది. దాని వెనక ఇసక గుట్టలో గుండు ఎంత లోతుకి పోయిందో చేత్తో తవ్వినా దొరకలేదు. "మీరు దుప్పిని చూసి కాలుస్తారు. దుప్పి వెనక ఏవుందో చూసి కాల్చాలి. దీనికి దుప్పి ఒక లెక్క కాదు." నాన్నగారు ఈసారి నవ్వలేదు. తల ఊపేరు. ఆయన విన్నారు. వినలేదని ఎవరైనా అంటే నేనొప్పుకోను, నేనక్కడే ఉన్నాను.

మెత్తటి తూటాలు రాలేదు. రాజుగారి పర్మిట్టు గడువు దగ్గర పడింది. ఈ ఏడు వదిలేస్తే మళ్ళీ ఇస్తారో లేదో, చట్టం మారుతోందంటున్నారు, అని ఆయన కబురు మీద కబురు పెట్టేరు. నాన్నగారు రెండు రోజులు ఊగిసలాడి, చివరికి వెళ్దామన్నారు. బాబాయి వద్దన్నారు. "అయితే నువ్వూ రా. నువ్వు దగ్గరుంటే పొరపాటు జరగదు," అన్నారు నాన్నగారు. అన్న అడిగితే కాదనడం బాబాయికి రాదు. "వస్తాను. తుపాకీ మాత్రం పట్టుకోను. దుప్పుల్ని తోలేవాళ్ళతో ఉంటాను. వెనక కొండ ఉన్న చోట తప్ప మీరు కాల్చకూడదు," అన్నారు. అమ్మ వాళ్ళకి దారికి పులిహోర కట్టింది.

తరవాత జరిగింది నాకు నా పెళ్ళయ్యేక అమ్మ చెప్పింది. ఆవిడకి నాన్నగారే చెప్పేరు, ఒక్కసారి, గోడవైపు తిరిగి పడుకుని. పొద్దున్న ఎండ ఎక్కుతుండగా తోలేవాళ్ళు కేకలేసుకుంటూ లోయలోంచి దుప్పుల్ని ఇటు తోలుతున్నారు. రాజుగారు ఒక చెట్టు దగ్గర, నాన్నగారు ఇంకో చెట్టు దగ్గర. దుప్పి కొండవైపు నుంచి వస్తుందనుకున్నారు. అది చదునులోంచి వచ్చింది. కొమ్ములున్న పెద్దది, సరిగ్గా ఆయన ముందు అడ్డంగా ఆగింది. అంత దగ్గర్లో ఆయన ఎప్పుడూ చూడలేదట. కాల్చేరు. దుప్పి ఉన్నచోటనే కూలింది, ఆయన కోరుకున్నట్టే, ఒక్క దెబ్బకి. ఆ వెనక పొదల్లోంచి తోలేవాళ్ళ కేకలు ఒక్కసారిగా ఆగిపోయేయి. ఆ నిశ్శబ్దంలో బాబాయి గొంతు వినిపించింది. "అన్నయ్యా, ముందు బోల్టు తెరవండి. తూటా తీసెయ్యండి." పరిగెత్తుకెళ్ళి చూస్తే పొద మొదట్లో కూచుని ఉన్నారు. కుడి మోచెయ్యి ఉండవలసిన చోట చొక్కా గుడ్డా రక్తం ఒక ముద్దగా ఉన్నాయి.

లాంచీలో రాజమండ్రి తెచ్చి ఆసుపత్రిలో చేర్చేరు. తుపాకీ గాయం కనక పోలీసులొచ్చేరు. ఎలా జరిగిందని వాళ్ళు నాన్నగారిని అడిగేరు. నాన్నగారు నోరు తెరిచేలోగా మంచం మీంచి బాబాయి అన్నారు, "నేనే తుడుస్తుంటే పేలిందండి. లోపల తూటా ఉందని చూసుకోలేదు." అన్న జైలుకెళితే ఇల్లు ఏమవుతుందో ఆయనకి తెలుసు. తుపాకీ లోపల తూటా చూసుకోకపోవడం అంటే సైనికుడికి ఎంత అవమానమో కూడా తెలుసు. పోలీసు నాన్నగారి వైపు తిరిగి "అంతేనా అండీ?" అన్నాడు. నాన్నగారు తల దించుకుని ఊరుకున్నారు. ఆ ఊరుకోవడమే సంతకం అయింది.

బాబాయి ఇంటికొచ్చేసరికి కుడిచెయ్యి కర్రలా బిగుసుకుపోయి ఉంది. నయమయ్యేక కూడా మోచెయ్యి వంగలేదు, వేళ్ళు మూసుకోలేదు. పలకరించడానికి వచ్చినవాళ్ళందరూ అరుగు మీద కూచుని కాఫీ తాగి, వీధి మలుపు తిరగ్గానే నవ్వుకునేవారు. మిలటరీవాడికి తుపాకీ తుడవడం రాలేదట. బళ్ళో కూడా నన్ను ఏడిపించేరు. నేనొకరోజు అన్నం తింటూ, "అమ్మా, బాబాయి తూటా ఉందో లేదో చూసుకోకుండా తుడుస్తారా? దుకాణంలో చేతిలోకి తీసుకోగానే ముందు అదే కదా చూసేరు?" అన్నాను. అమ్మ నా మొహం వైపు చూడకుండా "తిను," అంది. నాన్నగారు చెయ్యి కడుక్కుని లేచిపోయేరు. బ్యాంకు నుంచి కబురొచ్చింది, వేరే మనిషిని తీసుకున్నామని. చెయ్యి పోయింది కనక ఎలాగూ ఇవ్వరు. కానీ అమలాపురంలో ఎవరో, "చెయ్యి బాగున్నా ఇచ్చేవారా, ఆ అజాగ్రత్త మనిషికి?" అన్నారని తెలిసి బాబాయి రెండు రోజులు గదిలోంచి రాలేదు. నానమ్మ చూసిన సంబంధాలు ఒక్కొక్కటే జారుకున్నాయి. ఆయన పెళ్ళి చేసుకోలేదు. నాన్నగారి కొబ్బరి పాకలోనే కూలీల్ని చూసుకుంటూ ఉండిపోయేరు.

ఎడం చేత్తో తినవలసి వచ్చింది ఆయనకి. మొదటిరోజు నానమ్మ చూసి ఏమీ అనలేదు. కొంగు నోటికడ్డం పెట్టుకుని లోపలికెళ్ళి, ఆపైన మా ఎవరినీ ఎడం చెయ్యి గురించి గదమలేదు. మా ఇంట్లో చేప లేనిదే ముద్ద దిగదు, బాబాయికి ముళ్ళు తీసుకోవడం రాదు. మూడోనాడో నాలుగోనాడో నాన్నగారు తమ్ముడి కంచం దగ్గరికి లాక్కుని, చేప ముక్క విప్పి, ముళ్ళన్నీ తీసి, కంచం వెనక్కి జరిపేరు. అప్పటిదాకా మంచినీళ్ళు కూడా తన చేత్తో ముంచుకోని మనిషాయన. అప్పట్నుంచి చివరిదాకా మధ్యాహ్నం భోజనానికి అదే వరస. ఊళ్ళో లేకపోతే తప్ప ఆ పని ఇంకొకళ్ళని చెయ్యనివ్వలేదు. ఇద్దరూ కొబ్బరి ధర మాట్లాడుకునేవారు, కాలవ నీళ్ళు మాట్లాడుకునేవారు. ఆ ఒక్కటీ మాట్లాడుకోలేదు. వేట మళ్ళీ లేదు. తాతగారి తుపాకీ ఎవరికో ఇచ్చేసేరు. రైఫిల్ని అమ్మ గోదాట్లో పారెయ్యమంది. నాన్నగారు అమ్మేద్దామనుకున్నారు. బాబాయే అడ్డం పడ్డారు. "అమ్మకండన్నయ్యా. కొన్నవాడు ఊరుకోడు, ఎక్కడో ఒకచోట కాలుస్తాడు. మనింట్లోనే పడుండనివ్వండి." అలా పడుండడానికే నాన్నగారు గడువైనప్పుడల్లా లైసెన్సు తిరగ రాయించేరు, ఆయన తరవాత అన్నయ్య రాయించేడు.

స్టేషన్ నుంచి వచ్చిన రోజు వాసుని కూచోబెట్టి ఇదంతా చెప్పేను. "తాతగారు అలా ఎలా ఊరుకున్నారత్తా? తరవాతైనా నిజం చెప్పొచ్చు కదా?" అన్నాడు. వాళ్ళ కాలం వేరు. వాడూ వాడి పెళ్ళాం పోట్లాడుకుంటే ఫోనులో గంటసేపు తేల్చుకుని, ఏడ్చి, క్షమించేసుకుని నిద్రపోతారు. అది మంచిదే. మా ఇంట్లో ఎవరూ ఎవరినీ ఏదీ అడిగేవారు కాదు. అడగకపోవడం మర్యాద అనుకునేవాళ్ళం. ఆ మర్యాద కింద ఒక మనిషి బతుకంతా నలిగిపోయింది. నాన్నగారి తరఫున వాడికి జవాబు చెప్పబోయేను. చేప ముళ్ళ సంగతి చెప్పేను. "అది సరిపోతుందా?" అన్నాడు వాడు. సరిపోదు. కానీ అది తక్కువని కూడా నేననలేను.

చాలా ఏళ్ళ కిందట, నాన్నగారి పెద్దకర్మ అయిన మర్నాడు, చుట్టాలందరూ వెళ్ళిపోయేక, బాబాయి అరుగు మీద ఒక్కరూ కూచుని ఉన్నారు. నేనెళ్ళి పక్కన కూచున్నాను. అప్పటికి నాకు నలభై దాటేయి, అడగగలననిపించింది.

"బాబాయ్, నాన్నగారు మీతో ఎప్పుడైనా ఆ మాటెత్తేరా?"

ఏ మాటని ఆయన అడగలేదు. "లేదమ్మా," అన్నారు.

"ఒక్కసారి కూడానా?"

"ఒకసారి ఎత్తబోయేరు. నేనే లేచి వెళ్ళిపోయేను."

"ఎందుకూ?"

ఎడం చేత్తో కుడిచెయ్యి పట్టుకుని ఒళ్ళోకి సర్దుకున్నారు. రోడ్డు మీద ఎవరో సైకిలాపి ఆయనకి దణ్ణం పెట్టి వెళ్ళేరు.

"ఆయన తప్పయిపోయిందిరా అంటే, నేను పర్వాలేదన్నయ్యా అనాలి. పెంచిన మనిషి, అనకుండా ఎలా ఉంటాను? అనేస్తాను." ఆపైన చాలా మామూలుగా, వాన వస్తుందా రాదా అన్నట్టు అన్నారు. "కానీ పర్వాలేదు కాదు కదమ్మా."